ఆ ఆరు పేజీలు ఎందుకు తీసేశారు? విజయవాడ ప్రచురణకర్తలకు ఒక ప్రూఫ్ రీడర్ బహిరంగ లేఖ

విజయవాడలోని పుస్తక ప్రచురణకర్తలకు, పంపిణీదారులకు, ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల వారికి

అయ్యా, అమ్మా,

నమస్కారం. 31 ఏళ్లుగా ఈ ఊళ్లో ప్రూఫులు దిద్దుతున్నాను. సీసపు అక్షరాల చివరి రోజులు చూశాను, డీటీపీ చూశాను, ఇప్పుడు వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపితే దిద్ది తిరిగి పంపుతున్నాను. మీలో చాలామంది పుస్తకాలు నా బల్ల మీదుగానే అచ్చుకి వెళ్లాయి. మీ పని చేసి బతికినదాన్ని. ఒక పురాణ నవలలో ఏది కల్పనో చెబుతూ రచయిత్రి రాసిన ఆరు పేజీలు తీసేసి, అట్ట మీద అదంతా నిజమని వేశారు. అందుకే ఈ సంగతి ముందు మీలో ఆ నవల వేసినవారికి నోటిమాటగా చెప్పాను. తర్వాత ఉత్తరం రాశాను. ఆ తర్వాత రిజిస్టర్ పోస్టులో ఇంకోటి పంపాను. "చూద్దాం లెండి మేడం" అన్న మాట తప్ప జవాబు రాలేదు. ఈలోగా రెండో ముద్రణ కూడా వచ్చేసింది, అదే అట్టతో. ఇక నలుగురిలో చెప్పక తప్పలేదు. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. పురాణ కథలతో వస్తున్న నవలల విషయంలో ఈ పద్ధతి ఆ ఒక్కరిదే కాదు.

జరిగింది చెబుతాను.

గుంటూరులో హైస్కూలు టీచరుగా పనిచేసే ఒకావిడ దుస్సల మీద నవల రాశారు. దుస్సల అంటే నూరుగురు కౌరవుల ఒక్కగానొక్క చెల్లెలు, సైంధవుడి భార్య. ఏ పనికైనా అడ్డుపడేవాణ్ణి మనం ఇప్పటికీ సైంధవుడు అంటాం కదా, ఆయన. అంత పెద్ద భారతంలో దుస్సల కనిపించేది నాలుగైదు చోట్ల. ఆదిపర్వంలో పుడుతుంది. అరణ్యపర్వంలో ద్రౌపదిని ఎత్తుకుపోయిన సైంధవుణ్ణి పట్టుకున్నాక, దుస్సల మొహం చూసి, గాంధారి మొహం చూసి వాణ్ణి చంపొద్దంటాడు ధర్మరాజు. స్త్రీపర్వంలో గాంధారి యుద్ధభూమిని చూపిస్తూ కృష్ణుడితో అంటుంది: అదుగో నా కూతురు, మొగుడి తల కనబడక అటూ ఇటూ పరుగులు పెడుతోంది, అని. చివరికి అశ్వమేధపు గుర్రం వెంట అర్జునుడు సింధుదేశం వెళ్లినప్పుడు, అర్జునుడు వచ్చాడన్న మాట వినగానే ఆమె కొడుకు సురథుడు ప్రాణం విడుస్తాడు. పసివాడైన మనవణ్ణి చేతుల్లో పెట్టుకుని ఆమె ఎదురొస్తుంది. అర్జునుడు విల్లు దించేస్తాడు.

ఈ నాలుగు చోట్లకీ మధ్య అంతా ఖాళీ. ఆ ఖాళీలోనే ఆవిడ నవల రాశారు. అందులో ఒక ఘట్టం ఉంది. అభిమన్యుడు పోయిన రాత్రి దుస్సల ఒక్కతే చీకట్లో సుభద్ర గుడారానికి వెళ్తుంది. సైంధవుడు దారి అడ్డగించబట్టే సుభద్ర కొడుకు ఒంటరివాడై చచ్చిపోయాడు. రేపు పొద్దుగూకేలోగా సైంధవుణ్ణి చంపుతానని సుభద్ర మొగుడు శపథం పట్టాడు. ఆ శపథం పట్టినవాడు దుస్సలకి అన్న వరస. "వదినా" అని పిలవబోయి గొంతు పెగలక గుడారం తెర పట్టుకుని నిలబడిపోతుంది. ఆ నాలుగు పేజీలు దిద్దేటప్పుడు రెండుసార్లు కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

ఈ ఘట్టం భారతంలో లేదు. రచయిత్రికి ఆ సంగతి తెలుసు. తెలిసే రాశారు. నవల చివర "ఏది ఎక్కడిది" అని ఆరు పేజీలు రాసిచ్చారు. తల వెతుక్కోవడం స్త్రీపర్వంలో ఉంది, మనవడితో రావడం అశ్వమేధపర్వంలో ఉంది, సుభద్ర గుడారానికి వెళ్లడం పూర్తిగా నా కల్పన, దుస్సల మాట్లాడే మాటలన్నీ నావే, నేను దగ్గర పెట్టుకుని చదివింది కవిత్రయ భారతం, తాత్పర్యంతో ఉన్న సంస్కృత భారతం. ఇంత స్పష్టంగా రాశారు. మొదటి ప్రూఫులో ఆ ఆరు పేజీలు ఉన్నాయి. నేనే దిద్దాను. రెండు అచ్చుతప్పులు దొరికాయి.

చివరి ప్రూఫులో అవి లేవు. అడిగితే లెక్క చెప్పారు. నవల 262 పేజీలు, ముందు పేజీలు 6, వెనక మీ ఇతర ప్రచురణల ప్రకటనలు 4, మొత్తం 272. 16 పేజీలకి ఒక ఫారం చొప్పున సరిగ్గా 17 ఫారాలు. ఇంకో ఆరు పేజీలు పెడితే 18వ ఫారంలోకి వెళ్తుంది, కాగితం దండగ అన్నారు. ప్రకటనల నాలుగు పేజీల్లో పట్టేలా నేనే కుదించి ఇస్తానన్నాను. కుదించాను కూడా. "టైం లేదు మేడం, ప్లేట్లకి వెళ్లిపోయింది" అన్నారు. నేను అక్కడితో ఊరుకున్నాను. రచయిత్రికి ఫోన్ చేసి చెప్పాల్సింది, చెప్పలేదు. పేజీకింత అని డబ్బు తీసుకునేదాన్ని, పై వాళ్ల మధ్యకి నేనెందుకులే అనుకున్నాను. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను.

పుస్తకం వచ్చాక వెనక అట్ట చూశాను. "వేదవ్యాసుడు చెప్పిన అసలు కథ. ఇన్నాళ్లూ మనకి చెప్పకుండా దాచిన నిజం." రచయిత్రి రాయని మాట, నా దగ్గరికి ప్రూఫుకి రాని మాట. కల్పన అని చెప్పిన పేజీలు తీసేసి, నిజం అని చెప్పే వాక్యం అంటించారు. రెండు పనులూ కలిపి చూడండి.

దానివల్ల మామూలు మనుషులకి ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను.

1. రచయిత్రి. గుంటూరులో ఆవిష్కరణ సభ పెట్టారు. నేనూ బస్సెక్కి వెళ్లాను. మాటలయ్యాక ఒక పెద్దాయన లేచి పుస్తకం వెనక్కి తిప్పి చూపిస్తూ చాలా మర్యాదగా అడిగారు: "అమ్మా, సుభద్ర దగ్గరికి వెళ్లడం ఏ పర్వం, ఎన్నో ఆశ్వాసం? ఇంటికెళ్లి చదువుకుంటాను." ఆవిడ "అది నా కల్పనండీ, చివర రాశాను" అని పుస్తకం తెరిచారు. చివర ప్రకటనలు ఉన్నాయి. పేజీలు తిప్పుతూనే ఉన్నారు ఆవిడ. అప్పటిదాకా తన పుస్తకంలో ఆ పేజీలు లేవని ఆవిడకే తెలియదు. "మరి వ్యాసుడు చెప్పాడని ఎందుకు వేశారమ్మా?" అన్నారాయన. వెనక వరసలో కుర్రవాళ్లు లేచి కేకలు మొదలుపెట్టారు. పోలీసు కంప్లయింటు ఇస్తామన్నారు, సెక్షన్ 299 అన్నారు. హాలు వాళ్లు మైకు ఆపేశారు. ప్రచురణకర్త తరఫున వచ్చిన మనిషి బల్ల మీది పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుకుని వెళ్లిపోయాడు.

కేకలు వేసినవాళ్లని నేను సమర్థించను. నచ్చని పుస్తకానికి జవాబు రాయొచ్చు, మనిషిని బెదిరించకూడదు. కానీ ఆ పెద్దాయన ప్రశ్నలో తప్పేముంది? అట్ట మీద మీరు చేసిన వాగ్దానాన్నే ఆయన అడిగాడు. జవాబు చెప్పుకోవాల్సివచ్చింది ఆ వాగ్దానం చేయని మనిషి. ఇక ఆ సెక్షన్ సంగతి. 1927లో పాత శిక్షాస్మృతిలో 295ఏగా చేర్చిన నిబంధన, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299 అయింది. మూడేళ్ల దాకా జైలు. కావాలని, ద్వేషబుద్ధితో మత విశ్వాసాలని అవమానించారా అన్నది అందులో కీలకం. ఇది నా కల్పన, ఇది మూలం అని విడదీసి చెప్పుకున్న ఆరు పేజీల కంటే సద్బుద్ధికి సాక్ష్యం ఏం కావాలి? ఆ సాక్ష్యాన్ని కాగితం ఖర్చు కోసం చింపేశారు. మర్నాడు స్కూల్లో ఆవిడని సంజాయిషీ అడిగారు. రెండో నవల 80 పేజీల దగ్గర ఆగిపోయింది. మొన్న ఫోన్లో "వద్దండీ, ఇంట్లో వాళ్లు భయపడుతున్నారు" అన్నారు.

2. పిల్లలు. మా మనవరాలు ఎనిమిదో తరగతి. భారతంలో స్త్రీ పాత్రల మీద వ్యాసరచన పోటీ పెడితే అందరూ ద్రౌపది, కుంతి అని రాస్తారు, నేను దుస్సల గురించి రాస్తానంది. సంతోషించాను. నా దగ్గర ఉన్న కాపీ నాకు చెప్పకుండా తీసుకుని చదువుకుంది. సుభద్ర గుడారం ఘట్టాన్ని ఒక పేజీ రాసింది, వ్యాసభారతంలో ఉందని. దిద్దిన టీచరు ఎర్ర ఇంకుతో అడ్డంగా గీత కొట్టి "ఇలాంటిది భారతంలో లేదు" అని రాశారు. టీచరు చేసింది సరే. ఇంటికొచ్చి ఆ పుస్తకం నా ఒళ్లో పడేసి, వెనక అట్ట మీద వేలు పెట్టి, "అబద్ధం అచ్చేస్తారా అమ్మమ్మా?" అంది. అచ్చులో ఉన్నది నిజమేనన్న నమ్మకంతోనే కదా నా 31 ఏళ్లూ గడిచింది. ఏం చెప్పమంటారు?

3. పురాణం చెప్పేవాళ్లు. మా వీధి రామాలయంలో కార్తీకమాసం సాయంత్రాలు భారతం చెప్పే ఒకాయన ఉన్నారు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు, పండితుణ్ణని ఎప్పుడూ అనుకోలేదు. అట్ట చూసి నమ్మి ఆ ఘట్టం చెప్పారు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. తెలిసినవాళ్లొకరు సభలోనే లేచి తప్పని చెప్పారు. ఆ రోజు నుంచి ఆయన పుస్తకంలోంచి తల ఎత్తకుండా చదివి వెళ్లిపోతున్నారు. చేతులు తిప్పుతూ, కంఠం మార్చి చెప్పే ఆ కథనం పోయింది.

4. ఫోన్లలో నిమిషం వీడియోలు చేసేవాళ్లు ఆ అట్ట మాటల్నే చదివి "వ్యాసుడి రహస్యం" అంటున్నారు. అవి ఎంతమంది చూశారో, వెనక్కి ఎలా తీసుకోవాలో ఎవరికీ తెలియదు.

ఇదంతా చదివి కొందరు, అందుకే పురాణాలు ముట్టుకోకూడదు, ఉన్నది ఉన్నట్టు రాయాలి అంటారని నాకు తెలుసు. వాళ్లతో నాకు పేచీ ఉంది. చిన్న సాయాన్ని మనం ఉడతాభక్తి అంటాం. ఆ ఉడత వాల్మీకిలో లేదు. మన ద్విపద రంగనాథ రామాయణంలో ఉంది. లక్ష్మణుడు గీసిన గీత వాల్మీకిలో లేదు. అహల్య రాయిగా మారడం వాల్మీకిలో లేదు, అక్కడ ఆమె ఎవరికీ కనబడకుండా గాలి మేసి బూడిదలో పడి ఉంటుంది. శబరి పళ్లు కొరికి రుచి చూసి పెట్టడం లేదు. వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదు. శశిరేఖ లేకుండా తెలుగువాళ్లకి ఘటోత్కచుడు ఉంటాడా? ఉత్తర దేశంలో కాళిదాసు శకుంతల చేతికి ఉంగరం తొడిగి దుర్వాసుడి చేత శాపం ఇప్పించాడు, వ్యాసుడు రెండూ చెప్పలేదు. భగవద్గీత 700 శ్లోకాలని తిక్కన కొద్ది పద్యాల్లోకి కుదించాడు. మా అమ్మ ఊర్మిళాదేవి నిద్ర పాట పాడుతూ అప్పడాలు ఒత్తేది. పద్నాలుగేళ్లు నిద్రపోయిన ఊర్మిళని ఆడవాళ్లు తమ కోసం తాము కల్పించుకున్నారు. వాల్మీకి ఊర్మిళని మర్చిపోతే ఆ పాట మర్చిపోలేదు. మార్పు లేకపోతే మనకి రామాయణం ఇంత దగ్గరయ్యేదే కాదు.

మార్చిన మన కవులు చేసిన ఇంకో పని కూడా ఉంది. మన కావ్యాల్లో ప్రతి ఆశ్వాసం చివరా ఒక గద్యం ఉంటుంది. ఫలానావాడి కొడుకు, ఫలానావాడు, "ప్రణీతంబైన", అంటే రచించిన, అని కవి తన పేరు చెప్పుకుంటాడు. నన్నయ చెప్పుకున్నాడు, తిక్కన చెప్పుకున్నాడు, పోతన చెప్పుకున్నాడు. భారతం వ్యాసుడిదే, ఈ తెలుగు మాత్రం నాది, దీనికి పూచీ నాది అనడం అది. మన ఊళ్లో నాటకాలు ఆడే హనుమంతరాయ గ్రంథాలయంలో రాయబారం పద్యాలు వింటూ అవి తిక్కనవే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉంటారు. కానీ నాటకం పుస్తకం మీద తిరుపతి వేంకట కవుల పేరే ఉంటుంది, వెతికేవాడికి దొరుకుతుంది. ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పి, ఇక్కడే ఉండి, 1970 సంవత్సరానికి జ్ఞానపీఠం అందుకున్న విశ్వనాథ సత్యనారాయణ, మళ్లీ రామాయణం ఎందుకని అడిగితే, నా భక్తి నాది, నా అనుభూతి నాది అని మొదట్లోనే చెప్పి రాశారు. వాళ్లకి పూర్తిగా ఎదురు నిలబడి, రాముడు చంపిన శంబూకుడి వైపు నుంచి నాటకం రాసిన త్రిపురనేని రామస్వామి చౌదరి కూడా తన వాదాన్ని తన పేరుతోనే చెప్పారు. భక్తుడైనా, హేతువాది అయినా సంతకం దాచలేదు. మీ అట్ట మీది వాక్యం రచయిత్రి సంతకం చెరిపేసి వ్యాసుడి సంతకం పెట్టింది.

"అసలు కథ" అనే మాట ఎంత బరువైనదో కూడా చెప్పాలి. పుణెలో భండార్కర్ సంస్థ పండితులు మహాభారత మూలపాఠం తేల్చడానికి 1919లో మొదలుపెట్టి 1966 దాకా పనిచేశారు. వెయ్యికి పైగా రాతప్రతులు పోల్చారు. ఉత్తరాది పాఠం వేరు, మన దక్షిణాది పాఠం వేరు అని శ్లోకం శ్లోకానికీ కింద తేడాలు వేశారు. అంత చేసినవాళ్లు కూడా ఇదే వ్యాసుడి నోటివెంట వచ్చిన మాట అని అనలేదు. మీరు సాయంత్రం పూట అట్ట డిజైను చేయించేటప్పుడు ఆ మాట అనేశారు.

రచయితల్లో నా స్నేహితులు కొందరు ఇంకోలా అభ్యంతరం చెప్పారు. నవలకి వివరణ ఎందుకు, ప్రతి కల్పనకీ లెక్క అప్పజెప్పాలా, అది సంకెళ్లు కాదా అని. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. ఇవాళ పేజీ అడిగినవాళ్లు రేపు అనుమతి పత్రం అడుగుతారని వాళ్ల బెదురు. అందుకే నేను అడగనివి ముందు చెబుతాను. పండితుల కమిటీ వద్దు. ముందస్తు పరిశీలన వద్దు. ఏ సంఘం సంతకమూ వద్దు. ప్రభుత్వం జోక్యం అసలే వద్దు. ఏ పుస్తకాన్నీ షాపులోంచి తీసేయమనడం లేదు. వివరణ రాయాలా వద్దా, ఎంత రాయాలి అన్నది రచయిత ఇష్టం. నా గొడవ, రాసినదాన్ని తీసేసి, రాయనిదాన్ని అంటించినవాళ్లతో.

నేను అడిగేవి ఇవి.

1. రచయిత తన కల్పన గురించి రాసిన పేజీలు, ముందుమాట అయినా చివరిమాట అయినా, రచయిత రాతపూర్వకంగా ఒప్పుకోకుండా తీయకూడదు. ఫారం లెక్క కుదరకపోతే ముందు ప్రకటనల పేజీలు తీయండి. అక్షరాల పాయింటు సైజు తగ్గించండి. ఆ పని మన డీటీపీ పిల్లలకి పది నిమిషాలు.

2. కల్పన ఉన్న పుస్తకం ముఖచిత్రం మీద పేరు దగ్గరే "నవల" అని కనబడేలా వేయండి. "అసలు కథ", "వ్యాసుడు చెప్పిన", "వాల్మీకి రాసిన", "దాచిన నిజం" లాంటి మాటలు నవలల అట్టల మీద పూర్తిగా మానేయండి.

3. వెనక అట్ట మాటలు రచయితకి చూపించి, ప్రూఫుకి కూడా పంపండి. లోపల ఒక అచ్చుతప్పు దొర్లితే మమ్మల్ని పిలిచి అడుగుతారు. బయట ఇంత పెద్ద తప్పుకి అడిగేవాళ్లే లేరు.

4. ఇప్పటికే అచ్చయి గోడౌన్లలో, షాపుల్లో ఉన్న కాపీల్లో ఒక చీటీ పెట్టండి. ఒకప్పుడు మనం తప్పొప్పుల పట్టిక అచ్చేసి పుస్తకంలో పెట్టేవాళ్లం, ఎవరూ పరువు పోయిందనుకోలేదు. ఈ నవల కాపీల్లో చీటీలు అంటించడానికి నేనే వచ్చి కూర్చుంటాను. డబ్బు అక్కర్లేదు.

5. షాపుల వారికి. పురాణ నవలల్ని నవలల అరలో పెట్టండి. భారత భాగవతాల అనువాదాల పక్కన, పూజా పుస్తకాల పక్కన పెడితే కొనేవాళ్లు అదీ ఇదీ ఒకటే అనుకుంటారు. మనవడి కోసం కొనే తాతకి తేడా చెప్పడానికి కౌంటరు దగ్గర ఉన్న అబ్బాయికి ఒక్క మాట నేర్పండి చాలు.

6. సభలో గొడవైతే రచయిత పక్కన నిలబడండి. ఆ రాత మీ సంస్థ పేరుతో, మీ చిరునామాతో అచ్చయింది. ఆ సాయంత్రం గుంటూరులో మీ మనిషి లేచి "అట్ట మీది మాట మాది, ఆవిడది కాదు" అని ఉంటే గొడవ అక్కడే చల్లారేది. ఆ పెద్దాయన ఇంటికెళ్లి స్త్రీపర్వం తీసి చదువుకునేవారు. ఆవిడ ఇప్పుడు 81వ పేజీ రాస్తూ ఉండేవారు.

జనవరిలో మన పుస్తక మహోత్సవం వస్తుంది. పిల్లల్ని వెంటబెట్టుకుని ఊళ్ల నుంచి జనం వచ్చి కొంటారు. ఈలోగా మూడో ముద్రణ వేస్తారని విన్నాను. అది ఆ ఆరు పేజీలతో, ఆ వాక్యం లేని అట్టతో రావాలి. రాకపోతే, కల్పన పేజీలు తీసేసిన ఏ పురాణ నవలనీ ఇక నేను దిద్దను. నాతో పాటు ఈ పనిలో ఉన్న మరో ముగ్గురు కూడా అదే మాట మీద ఉన్నారు. మాకు పోయే పని ఎంతో మాకు తెలుసు.

ఆరు పేజీల మొదటి ప్రూఫు నా దగ్గర భద్రంగా ఉంది. నాలుగు పేజీలకి కుదించిన ప్రతి కూడా ఉంది, రచయిత్రికి చూపించి ఒప్పించాను. ఎవరికి కావాలన్నా కబురు చేయండి, గవర్నరుపేట నుంచి నడిచొచ్చి మీ చేతికిస్తాను.

ఇట్లు,
మీ ప్రూఫ్ రీడర్,
గవర్నరుపేట, విజయవాడ